తరగతి గదిలో అధికారము
(ఉపాధ్యాయుల కూటమిలో చేసిన ప్రసంగము)



ఉపాధ్యాయుడు తన అధికారంలో కొంత విద్యార్థులకు పంచి ఇస్తే తరగతి అదుపు తప్పదా? మనలో చాలామందికి ఈ భయం ఉన్నది. దీనికి సిద్ధాంతం కంటె, జరిగిన ఒక సంగతి మంచి జవాబు.

పోలండు దేశంలో యానుష్ కోర్చాక్ అనే పిల్లల వైద్యుడు ఉండేవారు. 1912లో వార్సా నగరంలో తెరచిన యూదు పిల్లల అనాథాశ్రమాన్ని ఆయన నడిపించారు. అక్కడ తగవులు తీర్చడానికి పిల్లలతోనే ఒక న్యాయస్థానం పెట్టారు. ఆ వారం తమమీద ఫిర్యాదు లేని పిల్లలలో చీట్లు వేసి న్యాయాధిపతులను తీసేవారు. ఉపాధ్యాయునిది వ్రాతపని మాత్రమే; తీర్పులో ఆయనకు ఓటు లేదు. వారి శిక్షాస్మృతిలో 99 నిబంధనలు ఫిర్యాదును కొట్టివేసేవి లేక క్షమించేవి.

మొదట ఇది సాఫీగా సాగలేదు. కొన్నాళ్లు ఆపివేయవలసి వచ్చింది. తిరిగి ప్రారంభించినప్పుడు, పెద్దలమీద కూడ ఫిర్యాదు చేసే హక్కు పిల్లలకు ఇచ్చారు. ఆరు నెలల్లో కోర్చాక్ గారే ఐదుసార్లు ఆ పిల్లల యెదుట జవాబు చెప్పుకొన్నారు. ఒకసారి బాలుని చెవిమీద కొట్టినందుకు. ఇంకొకసారి ఒక బాలికను దొంగతనం చేసిందని అనుమానించినందుకు.

ఆ చివరి సంగతి చదివినప్పుడు నా మనస్సు కలుక్కుమన్నది. ఇరువది ఏండ్ల క్రిందట, వేదాంత కళాశాల విడిచిన కొత్తలో, నేను ఒక హాస్టలు పిల్లలకు సాయంకాలం లెక్కలు చెప్పేవాడిని. నోటుపుస్తకాల డబ్బులో పది రూపాయలు తగ్గాయి. ఒక బాలుణ్ణి నిలబెట్టి అందరి యెదుట ప్రశ్నించాను. కూడికలో పొరపాటు నాదేనని మరునాడు తేలింది. వాణ్ణి చాటుకు పిలిచి భుజం తట్టాను. తరగతిలో మాత్రం ఆ మాట ఎత్తలేదు. నింద నలుగురిలో, ఓదార్పు చాటున! నామీద చెప్పుకొనే చోటు ఆ బాలునికి లేదు.

1942 ఆగస్టులో నాజీలు ఆ అనాథ పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపినప్పుడు, తప్పించుకొనే అవకాశం ఉన్నా కోర్చాక్ గారు వారిని విడువక వెంట వెళ్లి మరణించారు. పిల్లల తీర్పుకు లోబడినవాడు పిల్లలమీద పట్టు కోల్పోతాడని ఇక ఎట్లా అనగలం?

మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయితే వారి మాట వినే ఏర్పాటు మనమే చేయవలె. పాఠం, పరీక్ష మన బాధ్యతే. వాటిని వదలమని నేననడం లేదు. తరగతి నియమాలు పిల్లలతో కూర్చుని వ్రాద్దాం. అవి మనకూ వర్తించవలె. వారానికి అరగంట వారి ఫిర్యాదులు విందాం. ఫిర్యాదు మనమీదే అయితే వేరొక ఉపాధ్యాయుడు వినవలె.

వచ్చే వారం నుండి నేను చెప్పే తరగతిలో దీనిని మొదలుపెట్టుచున్నాను. నేను తప్పిన యెడల మీరే నన్ను హెచ్చరించండి. సెలవు.