గోడకూ గోడకూ నడుమ
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో సరుకుల గుమాస్తా పని చేసుకునేవారము. "మీ ఇంటి గొడవ నలుగురికీ పనికివస్తుంది, చెప్పవలసిందే" అని కార్యదర్శిగారు పట్టుబట్టినందున ఇక్కడ నిలబడినాము. ఇల్లు కట్టేవారు తమ గోడకూ సైటు హద్దుకూ నడుమ వదలవలసిన ఖాళీ జాగా ఉన్నదే, సెట్‌బ్యాక్ అంటారు, దాని గొడవ ఇది.

మా తాతగారు మడకశిర వైపు నుంచి వచ్చి నగర్తపేటలో కొన్న ఇల్లు పదమూడు అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. 1537లో కెంపేగౌడ కట్టించిన పేట ఇది. వీధులు మనుషులకూ బండ్లకూ సరిపోతే చాలుననుకున్న కాలం. ఇంకో పక్షం రోజుల్లో, చైత్ర పౌర్ణమి రాత్రి, ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరినప్పుడు ఆ వీధులు ఎంత ఇరుకో మీరే చూస్తారు.

ఖాళీ జాగా వదలాలన్న బుద్ధి ఈ ఊరికి ఊరికే రాలేదు. 1898లో ప్లేగు వచ్చినది. ఇరుకు ఇళ్లలో జనం రాలిపోతుంటే బసవనగుడి, మల్లేశ్వరం విస్తరణలకు ఊపు వచ్చినది. ఇంటి చుట్టూ గాలి ఆడే జాగా, ఇళ్ల వెనుక సందులు పెట్టినారు. అక్కడ పెద్ద సైట్లు. మన పేటలో సైటు పదమూడు అడుగులు. రెండు పక్కలా మూడేసి అడుగులు వదిలితే ఇల్లు ఏడడుగులు. మా రైలు పెట్టె కూడా పదడుగులు దాటుతుంది సుమండీ! చిన్న సైట్లకు నిబంధనల్లో కొంత సడలింపు ఉన్నమాట నిజమే. అయినా పేటలో ఇల్లు పడగొట్టి కట్టేవారికి చిక్కు తప్పదు. కావున మినహాయింపు అడగడం తప్పు కాదు. ఎప్పుడు అడగాలి, ఎవరి ఎదుట అడగాలి అన్నదే మా ప్రశ్న.

రైల్వేలో ఒక పద్ధతి ఉన్నది. లైను పక్కన ఏ కట్టడం ఎంత దూరాన ఉండాలో మిల్లీమీటర్లతో సహా పుస్తకంలో రాసి ఉంటుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వంటి సరుకు ఆ కొలత మించితే దాన్ని ఓ.డి.సి. అంటాము. దాన్ని పంపకూడదని ఎవరూ అనరు. ముందుగా కొలతలు పంపాలి. దారిలోని ప్రతి వంతెనా, ప్లాట్‌ఫారమూ సరిచూస్తారు. మరీ ఇరుకైతే వేగం తగ్గించి పగటిపూటే నడుపుతారు. అనుమతి వచ్చినాకనే బండి కదులుతుంది. వంతెన గీసుకుపోయినాక "జుర్మానా కడతాము, మన్నించండి" అంటే వినే నాథుడు ఉండడు.

ఇళ్ల విషయంలో మనం చేసినది సరిగ్గా అదే. 2003 నాటి బెంగళూరు భవన ఉపనిబంధనల్లో నూటికి ఐదు వంతుల లోపు తేడాను రుసుముతో మన్నించే వీలు పెట్టినారు. మూడడుగులకు అది రెండంగుళాలు కూడా కాదు, గోడ పూత మందం! అంతకు మించి కట్టినవారు లక్షల్లో తేలేసరికి అక్రమ-సక్రమ వచ్చినది. 2007లో చట్టం సవరించి, 2014లో నియమాలు తెచ్చి, కాపురం ఇళ్లకు సగం దాకా, వ్యాపార కట్టడాలకు పాతిక వంతు దాకా ఉల్లంఘనను రుసుముతో క్రమబద్ధం చేస్తామన్నారు. 2016 డిసెంబరులో హైకోర్టు సరేనన్నది; 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసినది. మేము నింపి పెట్టుకున్న ఫారం ఇనప్పెట్టెలోనే ఉండిపోయినది. తెలుగునాట కూడా 2007లో పీనలైజేషన్ పథకమని ఇటువంటిదే వచ్చినది; మన బంధువులకు గుర్తుండే ఉంటుంది.

ఇంకో దేశపు పద్ధతి చెబుతాము. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది ఇంటి వెనుక గది వేయబోయి నాలుగడుగులు తక్కువైతే ఊరి బోర్డుకు అర్జీ పెట్టినాడు. అక్కడి చట్టం ప్రకారం రెండు వందల అడుగుల లోపు ఉన్న ఆస్తిదారులందరికీ విచారణకు పది రోజుల ముందే నోటీసు అందాలి. వాళ్లు వచ్చి అభ్యంతరం చెప్పవచ్చు. సైటు ఆకారం వల్ల వచ్చిన కష్టమా, మన ఆశ వల్ల వచ్చినదా అని బోర్డువారు అడుగుతారు. పక్కింటి ముసలాయన "మా వంటింటికి వెలుతురు పోతుంది" అన్నాడట. గదిని రెండడుగులు తగ్గించి అనుమతి ఇచ్చినారు. బావమరిది విసుక్కున్నాడు గానీ, ఆ ముసలాయనతో ఇప్పటికీ మాటలున్నాయి.

మా ఇంట్లో అట్లా జరగలేదు. వెనుక మూడడుగుల పెరడు ఉండేది. ఇరవై ఏళ్ల కిందట నాన్నగారు దాని మీద రేకులు వేసి, గోడ లేపి వంటిల్లు చేసినారు. "ముందు కట్టండి, తర్వాత చూసుకుందాము" అని ఎవరో సలహా ఇచ్చినారట. వెనుకింటి అవ్వగారి కిటికీకి మా గోడ అడ్డం పడినది. ఆమె కన్నడంలో ఒకసారి అడిగినారు. "ఎల్లరూ కట్టుతారె" అని మా ఇంట్లోవారు జవాబిచ్చినారు. తర్వాత ఆమె అడగలేదు. పండక్కి ఒబ్బట్లు పంపడం మాత్రం మానుకున్నారు.

నిరుడు మా తమ్ముడు మేడ మీద ఇంకొక అంతస్తు వేసి గిడ్డంగికి అద్దెకిద్దామన్నాడు. నెలకు వచ్చే అద్దె మా జీతంలో సగం. మేమూ ఊగినాము, దాచడమెందుకు. అంతలో 2025 ఆగస్టు 16 తెల్లవారుజామున మన నగర్తపేటలోనే ఒక భవనానికి నిప్పంటుకుని ఐదుగురు పోయినారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. కింద సరుకు, పైన కాపురం. ఆ ఇంటి సంగతి విచారించవలసినవారు విచారిస్తారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. వీధి తలుపు మూసుకుంటే మన పిల్లలు ఎటు దిగుతారని మా ఇల్లాలు అడిగినది. వెనుక పెరడుండేది కదా అన్నాము. ఉండేది!

తమ్ముడితో రెండు నెలలు మాటల్లేవు. చివరికి గిడ్డంగి మానుకున్నాము. దసరా సెలవుల్లో వెనుక గోడ కొట్టించి, వంటిల్లు ముందు గదిలోకి మార్చినాము. ఇల్లు ఇరుకైనది, ఇల్లాలు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నది, న్యాయమే.

సంఘంవారిని ఒకటి కోరుతున్నాము. మన సభ్యులెవరైనా ఇల్లు కట్టదలచితే ప్లాను ముందుగా పక్కిళ్లవారికి చూపాలి. వారి భాషలో, వారి వాకిట్లో. ప్లాను చదవడం రానివారికి అడుగులు కొలిచి చెప్పడానికి ఆదివారాలు మేము వస్తాము. టేపు మాదే.

గోడ తీసిన రోజు అవ్వగారు కిటికీ తెరవబోయినారు. బందులు తుప్పు పట్టి రాలేదు. పండగ దాటినాక వడ్రంగిని పంపుతామన్నాము. నిన్న సాయంత్రం ఆ ఇంటి నుంచి ఒబ్బట్లు వచ్చినాయి.

సెలవు.