మంచు ఖండానికి పెట్టె కట్టడం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రీలకు, సామిల్లు వాళ్లకు, ప్యాకింగు పనివాళ్లకు అంటార్కిటికా పరిశోధనకు పోయే సరుకుల పెట్టె గురించి చెబుతానంటే వెనక వరసలో కొందరు నవ్వుకున్నారు. టమాటా మార్కెట్టు ఊళ్లో మంచు ముచ్చట ఏమిటని కాబోలు. ముచ్చట మంచుది కాదు, మేకుది.

చెక్కపెట్టె చేసేటప్పుడు మన చూపు లారీ ఎక్కేదాకానే ఉంటుంది. అది ఎక్కడ విప్పుతారో, ఎవరు విప్పుతారో, విప్పాక చెక్క ఏమవుతుందో మనం అడగం. మార్కెట్టులో ప్లాస్టిక్ క్రేటు గెలిచింది ఇక్కడే. ఖాళీదై తిరిగొస్తుంది. చెక్కపెట్టె మాత్రం పోయిన ఊళ్లోనే పొయ్యిలో పడేది.

1907లో షాకిల్టన్ నిమ్రోద్ ఓడ మీద దక్షిణ ధ్రువం వైపు బయల్దేరినప్పుడు, మామూలు పలకల పెట్టెలు వద్దని వెనెస్టా అనే పెట్టెలు చేయించాడు. పలచని చెక్క పొరలను జిగురుతో అతికించిన పలకలవి, నేటి ప్లైవుడ్ లాంటివే. దాదాపు 2,500 పెట్టెలు. ఒక్కో పెట్టెలో తగ్గిన బరువు కొద్దిదే, అన్నీ కలిస్తే టన్నులయింది. అంటార్కిటికాలోని కేప్ రాయిడ్స్ దగ్గర పదిహేనుమంది ఒకే గుడిసెలో చలికాలం గడిపారు. సరుకు ఖాళీ అయ్యేకొద్దీ ఆ పెట్టెలే అలమరాలయ్యాయి, గదుల మధ్య అడ్డుగోడలయ్యాయి. 1908లో వాళ్లు అక్కడే ‘అరోరా ఆస్ట్రేలిస్’ అనే పుస్తకం అచ్చువేసి, పెట్టె చెక్కనే కోసి అట్టలు కట్టారు. కొన్ని ప్రతుల మీద ‘వెన్న’ లాంటి సరుకు పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పెట్టె చేసినవాడికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి!

మన దేశం 1981 డిసెంబరులో గోవా నుంచి అంటార్కిటికాకు తొలి యాత్ర పంపింది. నాయకుడు ఖాసిం. తర్వాత దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలు వచ్చాయి. అక్కడ చెట్టు మొలవదు, పెట్టె విరిగితే కొత్త చెక్క దొరకదు. అంటార్కిటికా పర్యావరణ రక్షణకు కుదిరిన 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం థర్మాకోల్ పూసలు ఆ గడ్డ మీదికి తీసుకుపోకూడదు. కాలిస్తే హానికరమైన పొగ వదిలే మందు పట్టించిన కలపను వెనక్కి మోసుకు రావాలి. కాబట్టి చెదలు పట్టకుండా మందు పూసిన చెక్క అక్కడ భారమే.

ఎగుమతి చెక్క నిబంధన కుప్పం గ్రానైటు పెట్టెలు కట్టేవాళ్లకు కొత్త కాదు. చెక్క నడిమధ్య 56 డిగ్రీల వేడి, ఆగకుండా 30 నిమిషాలు. గోధుమ కంకి ముద్ర, పక్కన మన దేశపు అక్షరాలు. 1996లో న్యూయార్కు చెట్లలో బయటపడ్డ ఆసియా పురుగు ప్యాకింగు చెక్కలోంచి వచ్చిందనే అంచనా. అట్లాంటి అనుభవాలతోనే 2002లో ఈ నిబంధన పుట్టింది. ఒక్క మాట మాత్రం మరవొద్దు: ముద్ర పడిన చెక్క ఎండిన చెక్క కాదు. పురుగు చచ్చినంత మాత్రాన తేమ పోదు. పచ్చి చెక్కతో కట్టిన పెట్టె మంచు నేలలోని పొడి గాలికి ముడుచుకుంటుంది. అప్పుడు మేకు తనంతట తానే వదులవుతుంది.

ఇక కట్టుబడి. మూల చూడండి. చెక్క కొసలోకి, పోగుల వెంట దిగిన మేకుకు పట్టు తక్కువ, పోగులకు అడ్డంగా దిగినదే బిగిసి ఉంటుంది. అందుకే మూడు పలకలు కలిసే చోట ఒక్కో పలక మేకు పక్క పలక అడ్డంలోకి దిగేలా అమర్చాలి. మంచి మేస్త్రీ చెయ్యి ఇక్కడే తెలుస్తుంది. చుట్టు బద్దెలు మాత్రమే కొట్టిన పక్క, ఓడ ఊగితే వాలిపోతుంది. ఏటవాలుగా ఒక బద్దె వేస్తే చట్రం త్రికోణాలై నిలబడుతుంది. మన వాళ్లు చెక్క పొదుపు పేరుతో మొదట ఎగరగొట్టేది ఆ బద్దెనే. నాకైతే అది పొదుపనిపించదు. అడుగున రెండు దుంగలు వేస్తే ఫోర్కు దూరుతుంది, తాడు పడుతుంది.

మూతకు మాత్రం మేకు వద్దు, స్క్రూలే. అన్నిటికీ ఒకే రకం తల ఉండాలి. విప్పేవాడు మందపాటి చేతి తొడుగులతో ఉంటాడు, మంచులా చల్లబడిన లోహాన్ని వట్టి చేత్తో ముట్టలేడు. గునపంతో పగలగొట్టిన మూత మళ్లీ పనికి రాదు, ఊడిన మేకు మంచులో పడితే దొరకదు. స్క్రూ విప్పితే పలక పలకగానే ఉంటుంది. కావాలంటే పెట్టె అలమరా అవుతుంది, లేకుంటే చెత్త నింపుకుని ఓడెక్కుతుంది.

చలికి చెక్క చెడదనుకోకండి. షాకిల్టన్ కాలపు గుడిసెల కలపను ఒక రకం బూజు వేసవి తడిలో మెల్లగా తినేస్తోందని పరిశోధకులు గుర్తించారు. అందుకే అడుగు దుంగలు పలకను నేల తడికి పైన ఉంచాలి.

మూడు ఊళ్ల మేస్త్రీలూ మూల బిగింపు నమూనాలు తెచ్చారు. బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటి పట్టి ఊపి చూద్దాం.