విశాఖరేవున సెంచూరియను నౌక
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)

 

తాటిదోనె యెంత నీటిలో నడచునో, ఎచ్చట అడుగు తగులునో కొల్లేటి బాలుడును చెప్పగలడు. ఆ తెలివియే యొక యుద్ధనౌక కథకు తాళపుచెవి.

సెంచూరియను నౌక 1774లో ఇంగ్లండునందలి హార్విచ్చిలో జలప్రవేశము చేసెను. అది కలపతో కట్టినది, తెరచాపలతో నడచునది, 50 ఫిరంగులు గలది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమునందు పనిచేసి, 1794లో మారిషస్ చెంత ఫ్రెంచివారితో పోరాడెను.

1804 సెప్టెంబరున ఫ్రెంచి సేనాని లినువా బందరుతీరమున వార్త తెలిసికొని విశాఖపట్టణమునకు తరలెను. అతని మారెంగో 74 ఫిరంగుల నౌక. వెంట మరి రెండు యుద్ధనౌకలు. అప్పుడు విశాఖలో నేటి ఓడరేవు లేదు. అది 1933లో తెరువబడినది. ఓడలు తీరమునకు దూరముగ లంగరు వేయగా, కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టిన మసూలా పడవలపై సరకు అలలను దాటెడిది.

శత్రువు వచ్చినప్పుడు నౌకాధిపతి లైండు గట్టున నుండెను. ఉపనాయకుడు ఫిలిప్సు యుద్ధము నడిపెను. లైండు పిమ్మట పడవపై వచ్చి చేరెను. బార్నబీ యను వర్తకనౌక ఒడ్డెక్కి అలలతాకిడికి ధ్వంసమయ్యెను. ప్రిన్సెస్ షార్లెటు లొంగిపోయెను. సెంచూరియను మాత్రము లొంగలేదు. పెద్దనౌకయగు మారెంగోకు లోతునీరు కావలెను. తీరపు మెరకనీటిలో అది దగ్గరకు రాజాలదయ్యెను. పైగా స్తంభము విరిగినచో బాగుచేయించుకొనుటకు లినువాకు దరిలో స్వపక్షపు రేవు లేదు. మధ్యాహ్నమునకు అతడు మరలిపోయెను. సెంచూరియనులో మృతుడొకడు, క్షతగాత్రులు తొమ్మండుగురు. తరువాత ఆ నౌక హాలిఫాక్సులో లంగరుపై మునిగి, 1825లో విడగొట్టబడెను.

జమాఖర్చు వ్రాసినచో ఫ్రెంచివారికి దక్కినది ఒక వర్తకనౌక. ఆంగ్లేయులకు మిగిలినది ఒక యుద్ధనౌక. ఈ లెక్కలో ఒక పద్దు చేరలేదు. నౌకాధిపతుల పేర్లు గ్రంథములకెక్కినవి. ఆ అలలపై సరకు దాటించిన పడవవాండ్ర పేర్లు ఆ కథలలో వినబడవు. వారు లేనిదే ఆ రేవున ఒక్క మూటయు ఓడ నెక్కియుండదు.

కావున ప్రార్థన యిది. కొల్లేటి పడవలను కట్టినవారి, నడిపినవారి సంగతులు పెద్దల నోట నున్నవి. యువకులు వానిని వ్రాసి తేదీవేసి యీ గ్రంథాలయమున నుంచుదురుగాక. వ్రాయని పద్దు కాలగతిలో చెల్లని పద్దగును.