గీత గీశాక అడిగితే అది సంప్రదింపు కాదు

(కొయ్యూరులో చేసిన ప్రసంగ పాఠం)



రైలు కూత వినపడని కొయ్యూరులో రైల్వే జంక్షన్ గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నిజమే, మన మండలంలో పట్టాలు లేవు. రైలెక్కాలంటే నర్సీపట్నం మీదుగా మైదానానికి దిగి తునికో అనకాపల్లికో పోవాలి. నర్సీపట్నం రోడ్డు అని ఒక స్టేషన్ ఉంది. పేరులో నర్సీపట్నం ఉంది గానీ ఊరికి అది చాలా దూరం. మన ఏజెన్సీకి రైల్వే ఎంత దగ్గరగా ఉందో ఆ బోర్డు చూస్తేనే తెలుస్తుంది.

అయినా కొత్తవలస జంక్షన్ గురించీ, అక్కణ్ణుంచి అరకు కొండలెక్కే లైను గురించీ ఇక్కడ మాట్లాడుకోవాల్సిందే. అక్కడ రైలు లైనుకు మనిషిని అడగకుండా భూమి తీసుకోవడం అలవాటైతే, ఇక్కడ రోడ్డుకూ గనికీ అదే అలవాటు వస్తుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఇ జాతీయ రహదారి మన గుమ్మం ముందు నుంచే పోతోంది కదా!

అడగకుండా దారి వేస్తే ఏమవుతుందో ఈ మన్యానికి ఎవరూ చెప్పక్కర్లేదు. నూరేళ్ల కిందట నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా పనికి తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడును, అడవిని వాళ్ల చేతుల్లోంచి లాగేసింది. గాం గంటం దొర, మల్లు దొర లాంటి వాళ్ల గోడు ఏ కచేరీలోనూ వినలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపింది ఈ కొయ్యూరులోనే. ఆ రోడ్డు మీద ఇవాళ మనమే బస్సెక్కి తిరుగుతున్నాం. రోడ్డు చెడ్డది కాదు. వేసిన తీరు చెడ్డది. రైలు గురించి మా మాట కూడా ఇదే.

ఇక కొత్తవలస సంగతికి వద్దాం. హౌరా-చెన్నై మెయిన్ లైను మీద, విజయనగరం జిల్లాలో ఉన్న జంక్షన్ అది. అక్కడ విడిపోయి శృంగవరపుకోట, బొర్రా, అరకు మీదుగా కోరాపుట్, జగదల్‌పూర్ దాటి బైలదిల్లా గనుల దగ్గర కిరండూల్ దాకా పోయేదే కేకే లైను. సుమారు 446 కిలోమీటర్లు. 1960లో జపాన్‌తో కుదిరిన ఇనుప ఖనిజం ఒప్పందం కోసం ఆ దశకంలో కొండలు తొలిచి వేశారు. అంటే ఈ లైను పుట్టిందే ఖనిజాన్ని కిందికి దించడానికి. మనుషులు ఎక్కడం తర్వాతి సంగతి. నేటికీ ఆ లైను స్వభావం మారలేదు. పగలొక పాసింజరు, రాత్రొక ఎక్స్‌ప్రెస్ కోసం జనం కాచుకుని ఉంటే, ఖనిజం వ్యాగన్లు మాత్రం వరసగా దిగుతూనే ఉంటాయి. 2017లో టూరిస్టుల కోసం అద్దాల బోగీ తగిలించారు. సంతోషమే. కానీ అల్లం, పసుపు బస్తాలతో సంతకు పోయే ఆడకూతురు కూర్చోడానికి ఇంకో జనరల్ బోగీ కావాలా అని ఆమెను ఎవరైనా అడిగారా?

ఇప్పుడు ఆ లైనుకు జంటగా కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా సుమారు 189 కిలోమీటర్ల రెండో లైను పని తలపెట్టి దశలవారీగా సాగిస్తూ వచ్చారు. రెండో లైను అంటే పాత పట్టాల పక్కన మరో జత పరచడం కాదు. కొత్త సొరంగాలు, కొత్త వంతెనలు, కొత్త కోతలు. సొరంగంలోంచి తీసిన రాయి, మట్టి ఎక్కడ పోస్తారు? గెడ్డలో పోస్తే కింద పొలానికి నీళ్లు ఎలా వస్తాయి? కొండ తొలిస్తే పైనున్న ఊట ఉంటుందా, ఇంకుతుందా? ఊళ్లో పశువులు దాటే చోట అండర్‌పాస్ ఇస్తారా, గోడ కట్టేస్తారా? వీటికి జవాబులు ఇంజనీరు డ్రాయింగులో సగమే ఉంటాయి. మిగతా సగం ఆ ఊరి ముసలాయనకు తెలుసు. ఏ మలుపులో వానాకాలం కొండచరియ జారుతుందో పట్టాల వెంట రోజూ నడిచే ట్రాక్‌మ్యాన్‌కు తెలుసు.

జంక్షన్ బాగుచేయడం ప్రాణాలతో ముడిపడిన పని కూడా. 2023 అక్టోబర్ 29 రాత్రి కొత్తవలస దాటాక కంటకాపల్లి దగ్గర, విశాఖ-పలాస పాసింజరును వెనక నుంచి విశాఖ-రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. రెండూ సామాన్యుడి బళ్లే. అందుకే లైన్లు పెరగాలి, సిగ్నళ్లు మెరుగవ్వాలి అనేవాళ్లలో మేమూ ఉన్నాం. రైలు వద్దనడానికి రాలేదు. ఎలా, ఎవరిని అడిగి, ఎవరి కోసం అని అడగడానికి వచ్చాం.

చట్టం ఏం చెబుతోందో చూడండి. విద్యార్థులు కాగితం మీద రాసుకోండి.

పర్యావరణ ప్రభావం మీద 2006 నోటిఫికేషన్‌లో ముందస్తు అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ కావాల్సిన ప్రాజెక్టుల జాబితా ఉంది. గనులు, డ్యాములు, జాతీయ రహదారులు అందులో ఉన్నాయి. రైలు లైన్లు లేవు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనం తప్పనిసరి చేసింది. కానీ రైల్వే చట్టాన్ని నాలుగో షెడ్యూల్‌లో పెట్టి పక్కకు తప్పించారు. పరిహారం, పునరావాసం నిబంధనలు మాత్రం 2015 నుంచి వర్తింపజేశారు. అంటే డబ్బు గురించి మాట్లాడొచ్చు, లైను గురించి మాట్లాడకూడదు! 2008లో సవరించిన రైల్వే చట్టం ప్రకారం నోటిఫికేషన్ సారాంశం రెండు పత్రికల్లో వేస్తారు, ఒకటి ప్రాంతీయ భాషలో. 30 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. కువి మాట్లాడే కోందు గూడేనికి, ఆదివాసీ ఒడియా మాట్లాడే కొండ మీది ఊరికి ఏ పత్రిక ఏ రోజు చేరుతుంది? ఇక పట్టా లేని పోడు రైతు పేరు రికార్డులోనే ఉండదు. లేని మనిషి అభ్యంతరం ఎలా పెడతాడు?

పీసా చట్టం ఉంది కదా అంటారు. ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను 'లేదా' తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని 1996 నాటి ఆ చట్టం చెప్పింది. ఆ 'లేదా' చాలా పెద్ద మాట మిత్రులారా! గూడెంలో కూర్చోవాల్సిన సభ ఆ ఒక్క మాటతో ఆఫీసు గదిలోకి పోగలదు. పైగా సంప్రదించాలన్నారు, సమ్మతి తీసుకోవాలనలేదు. అటవీ భూమి మళ్లింపుకు గ్రామసభ సమ్మతి ఉండాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ చెప్పింది. 2013 ఫిబ్రవరిలో అదే శాఖ రోడ్లు, కాలువలు, విద్యుత్ లైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టులకు ఆ షరతు సడలించింది. ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులు దెబ్బతినే చోట మాత్రం సడలింపు లేదంది. మన వైపు గదబ, పోరజ, కోందు తెగల్లో ఆదిమ తెగలుగా గుర్తించిన సమూహాలు ఉన్నాయి. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నిలదీయగల కొండ ఊళ్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

అడుగుతూ కూర్చుంటే పనులు ఆగిపోతాయని అధికారులు అంటారు. లండన్‌కు దక్షిణాన క్రాయిడన్ దగ్గర ఇరుకైన జంక్షన్లను విడదీయాలని అక్కడి రైల్వే సంస్థ అనుకుంది. 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి ప్రజల ముందు పటాలు పెట్టి అభిప్రాయం అడిగింది. ఆ పథకం తర్వాత ఆగింది. ఆగింది ప్రభుత్వం డబ్బు ఇవ్వక, జనాన్ని అడిగినందుకు కాదు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న నియమగిరి చూడండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. కొండవాళ్లకు ఏం తెలుసు అన్నవాళ్లకు అదే జవాబు. మన కేకే లైను మీదే ఉన్న బొర్రా పరిసరాల గనుల లీజుల నుంచే సమత కేసు పుట్టింది. 1997 జూలై 11 నాటి ఆ తీర్పు దేశంలోని ఆదివాసీ ప్రాంతాలకంతటికీ అండ అయింది.

ఇక రాష్ట్రం కోరే వాళ్లం మన మాట. మన బాధ ఏమిటి? మనల్ని అడగకుండా మన గురించి నిర్ణయిస్తున్నారని. 2014 విభజన చట్టంలో కొత్త జోన్ పరిశీలిస్తామన్నారు, ఆరు నెలల్లో. ప్రకటన 2019లో వచ్చింది. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో. ఆ తర్వాతి నెలలో వాల్తేరు డివిజన్‌ను చీల్చి, కొత్తవలస-బచేలి లైనును రాయగడ డివిజన్‌లో పెట్టాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అరకు స్టేషన్ ఏ డివిజన్‌లో ఉండాలో అరకును అడగాల్సిన పని ఏ చట్టంలోనూ లేదు. దీని మీద మనం కోప్పడ్డాం, న్యాయమే. కానీ ఒక ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. రేపు అధికారం మన చేతికొస్తే, మన ఇంజనీరు, మన కలెక్టరు, మన మంత్రి కొండ మీది గూడేన్ని అడుగుతారా? విశాఖలో కూర్చుని అరకు గీత గీస్తే, ఢిల్లీలో కూర్చుని గీసినదానికంటే అది ఎందులో గొప్ప? రాజధాని దగ్గరైనంత మాత్రాన గ్రామసభ దగ్గర కాదు. అడిగే అలవాటు ఉద్యమంలోనే నేర్చుకోకపోతే ప్రభుత్వంలో రాదు.

కాబట్టి మేము అడిగేవి ఇవి. లైను ఖరారు కాకముందే కనీసం రెండు ప్రత్యామ్నాయ పటాలు గ్రామసభ ముందు పెట్టాలి. నోటీసు పత్రికలో వేసి ఊరుకోకుండా సంత రోజున దండోరా వేయించాలి. ఆ ఊరి భాషలో చెప్పించాలి. అటవీ హక్కుల నియమాల్లో ఉన్నట్టు సగం మంది సభ్యులు హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ట్రాక్‌మ్యాన్లను, లోకో సిబ్బందిని, స్టేషన్‌లో జామకాయలమ్మే వాళ్లను, కాలేజీకి రైల్లో పోయే పిల్లలను కూడా పిలవాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి అభ్యంతరానికి జవాబు రాసి పంచాయతీ గోడకు అంటించాలి. ఇది ఒప్పుకున్నాం, ఇది మార్చాం, ఇది మార్చలేం, కారణం ఇది అని. విని ఊరుకునే సభ తంతు. జవాబు చెప్పే సభే సంప్రదింపు.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాం. 2005 సమాచార హక్కు చట్టం కింద లైను పటాలు, గ్రామసభ తీర్మానాల నకళ్లు అడగండి. తీర్మానంలో సంతకాలున్న మనుషుల దగ్గరకు పోయి, ఆ రోజు సభ జరిగిందా అని కనుక్కోండి. ఉద్యోగ మిత్రులారా, మీ సెలవు రోజుల్లో ఒక్కటి ఇవ్వండి. నోటీసు పడిన ఊరికి పోయి, 30 రోజుల గడువు దాటకముందే వాళ్ల అభ్యంతరం వాళ్ల మాటల్లో రాసిపెట్టండి. 516ఇ రోడ్డు పోయే మన ఊళ్ల నుంచే మొదలుపెడదాం. ముందు మన ఊరి పటం మనం చూద్దాం, తర్వాత అరకు వాళ్లకు తోడు పోదాం.