అందరూ పోగలిగే దారి



చెరువు గట్టు అందరిదీ అంటాం. పార్కు అందరిదీ అంటాం. మరి అందరూ అక్కడికి పోగలుగుతున్నారా?

హైదరాబాదు నగరం నడుమ ఒక అడవి ఉంది. దాని పేరు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం. ఆయన ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆ అడవిని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. చుట్టూ మేడలు, బండ్లు. లోపల చెట్లు, నెమళ్లు. ఎంతోమంది అక్కడికి నడకకు పోతారు.

అటువంటి చోటికి పోవాలంటే ఏమేం కావాలి? కాళ్లు బాగున్నవాళ్లకు దారి ఉంటే చాలు. మరి కర్ర పట్టుకున్న అవ్వకు? చంకలో బిడ్డ ఉన్న తల్లికి? చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది.

గేటు మూడడుగుల వెడల్పు ఉండాలి. అప్పుడే చక్రాల కుర్చీ పడుతుంది. మెట్ల పక్కన వాలు దారి ఉండాలి. మెట్లు ఒక అడుగు ఎత్తు ఉంటే, వాలు 12 అడుగుల పొడవు ఉండాలి. తక్కువైతే కుర్చీని తోసేవాళ్లకు కష్టం. అక్కడక్కడా కూర్చోను అరుగులు ఉండాలి. తాగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. అవి లేకుంటే ఆడవాళ్లు ఎంతసేపు ఉండగలరు? బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. పక్కన బొమ్మ కూడా ఉండాలి. బస్సు దిగేచోటు దగ్గరగా ఉండాలి. టిక్కెట్టు కూలి చేసుకునేవాళ్లకు అందేలా ఉండాలి.

"దారులు వేస్తే చెట్లు పాడైపోవా?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. దారి లేకుంటే జనం తలా ఒకవైపు తొక్కుతారు. తొక్కిన నేల గట్టిపడుతుంది. నీళ్లు లోపలికి ఇంకవు. వేర్లు ఎండుతాయి. వేర్లు నరకకుండా ఒక్క మంచి దారి వేస్తే, అందరూ దానిమీదే నడుస్తారు. మనిషికీ మేలు, మానుకూ మేలు.

మన కదిరి పక్కనే తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా! నాలుగు ఎకరాలకు పైగా పరుచుకున్న మాను అది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఊడలు నేలలోకి దిగి, కొత్త మొదళ్లై నిలబడ్డాయి. అక్కడైనా, పట్నంలో పార్కులోనైనా ఇదే లెక్క.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. జనం వచ్చిపోయే చోట్లు వికలాంగులకూ అందుబాటులో ఉండాలని ఆ చట్టం చెప్తుంది. ఇది దయ కాదు, హక్కు.

గచ్చు వేసినాక అడిగితే పగలగొట్టాల్సి వస్తుంది. గీత గీసేటప్పుడే అడిగితే ఖర్చు తక్కువ. అందుకే ఊళ్లో పార్కుకో, చెరువు గట్టుకో పని మొదలవుతోందని తెలిస్తే గ్రామసభకు పోండి. పట్నంలో అయితే మునిసిపాలిటీకి పోండి. నడవలేని మనిషిని కూడా వెంట తీసుకుపోండి. ఆ మనిషి మాటనే ముందు చెప్పించండి. ఏం కావాలో కాగితం మీద రాయండి. కింద మీ సంతకం పెట్టండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!