మూత్రసంచి నొప్పి: “ఏమీ లేదు” అంటే సరిపోదు

(ఆలేరులో మహిళా సంఘాల కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఆలేరు మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9 వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పిని రోజూ కళ్ళారా చూసిన కొడుకు అతను. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. భుజం నొప్పి కొడుకుతో చెప్పుకోవచ్చు. మూత్రసంచి నొప్పి ఎవరితో చెప్పుకుంటాం?

రెండు రోజులు మండి మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్ సంగతి కాదు నేను చెప్పేది. నెలల తరబడి పొత్తికడుపులో నొప్పి. సంచి నిండేకొద్దీ పెరుగుతుంది, ఒంటేలుకు పోతే కాసేపు తెరిపి. రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. భర్త దగ్గరకొస్తే నొప్పి, వద్దంటే అనుమానం. కల్చర్ పరీక్షలో మాత్రం క్రిములు కనబడవు. దీన్ని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు. 1915లోనే హన్నర్ అనే అమెరికన్ డాక్టరు ఇలాంటి స్త్రీల మూత్రాశయంలో పుండ్లు చూసి రాశాడు. చాలామందిలో ఆ పుండూ ఉండదు. ఇక “అంతా నీ మనసులోనే” అనెయ్యడం సులువు!

లేదంటే పరీక్ష లేకుండానే ఆంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు. తగ్గకపోతే చూపు గర్భసంచి మీద పడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశంలో నూటికి 3.2, తెలంగాణలో 7.7. గర్భసంచి తీయడం మూత్రసంచి జబ్బుకు వైద్యం కాదు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు మన చేతిలో ఉండాలి.

పూర్తిగా నయమవుతుందని నేను చెప్పను. అదుపులో పెట్టుకోవచ్చు. ఎప్పుడు ఒంటేలుకు పోయారో, ఏం తిన్నారో కొన్నాళ్ళు రాసుకోండి. రాయడం రానివాళ్ళకు బడికెళ్ళే పిల్లలున్నారు. టీ, టమాట, మిరప, పులుపు కొందరికి పడవు. అన్నీ ఒకేసారి మానొద్దు, చింతపండు లేకుండా మన ఇళ్ళలో పొయ్యి వెలగదు కదా! ఒక్కొక్కటే మాని చూడండి. వేడినీళ్ళ కాపడం మంచిది. కింది కండరాలు బిగించే వ్యాయామాలు దీనికి వద్దు, వదులు చేసేవి కావాలి. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ రాస్తే పిచ్చి అన్నారని బాధపడకండి, అది నరాల నొప్పికీ వాడతారు. మూత్రంలో నెత్తురు పడినా, జ్వరమొచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

మగ్గం దగ్గరా పొలంలోనూ మరుగు లేక నీళ్ళు తాగడం మానేసి, ఒంటేలు బిగబట్టుకునే ఆడవాళ్ళకు ఈ సలహాల్లో సగం పనికిరావు. అందుకే సంఘాలు ముందు అడగవలసినవి రెండు: మళ్ళీ మళ్ళీ మంట అని వచ్చిన స్త్రీకి మందు రాసేముందు కల్చర్ పరీక్ష, పనిచేసే ప్రతిచోటా నీళ్ళున్న మరుగుదొడ్డి.