పాత ధ్వని ఎక్కడుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బేస్ గిటార్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. చివరికి మన బడి దగ్గరికే వస్తానని మాట ఇచ్చాక ఒప్పుకున్నారు.

బేస్‌కు సాధారణంగా నాలుగే తీగలు. పాటలో దాన్ని విడిగా గమనించం గానీ, తీసేస్తే పాటకు కాళ్లుండవు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన మనకు ఆ సంగతి చెవులకు తెలుసు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. వీణకున్నట్టే మెట్లుండటం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే ఆ పేరు. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ 1962 నాటి అలాంటి బేస్‌తోనే మోటౌన్ పాటలెన్నిటికో ప్రాణం పోశాడు. ఆ గుండ్రని, మెత్తని ధ్వనిని ఇప్పటి బేస్‌లో రాబట్టాలన్నది చాలామందికున్న సరదా. నాకూ ఉంది.

కొత్తదాన్ని పాతదిగా చేయడానికి రెండు దారులున్నాయి. శాండ్‌పేపర్‌తో రంగు గీకి, స్క్రూలకు తుప్పు పట్టించి, తాబేటి చిప్ప రంగు ప్లేటు బిగించడం ఒకటి. చూడ్డానికి అరవై ఏళ్ల బేస్‌లా ఉంటుంది, ధ్వని మాత్రం మారదు. రెండో దారి, పాత ధ్వని ఎందుకు అలా ఉండేదో కనుక్కోవడం. ఇంజనీరును కాబట్టి నేను రెండోదే పట్టుకున్నాను.

మొదటిది తీగలు. ఇప్పటి తీగలకు చుట్టిన వైరు గుండ్రంగా ఉంటుంది, అందుకే గణగణమంటాయి. జేమర్సన్ తీగలకు చుట్టింది బల్లపరుపు రిబ్బను. తెగితే తప్ప ఆయన వాటిని మార్చేవాడు కాదంటారు. అవే కొలతల తీగలు వేశాను. మందపాటి తీగ అంగుళంలో వెయ్యింట 110 వంతులు. లాగుడు పెరుగుతుంది కాబట్టి మెడలోని ఇనుప కడ్డీని కొద్దికొద్దిగా తిప్పుతూ వంపు సరిచేశాను.

రెండోది స్పాంజి. ఆనాటి బేస్‌లకు బ్రిడ్జి మీద క్రోమ్ మూత, దాని కింద తీగలకు ఆనుతూ మెత్తటి ముక్క ఉండేవి. అది పై హార్మోనిక్స్‌ను అణచి, మోత సాగకుండా ఆపుతుంది. నేను వాడింది వంటింటి స్పాంజి. ఖర్చు పది రూపాయలు.

మూడోది కరెంటు. నా బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉండేది. దాన్ని తీసి, పాత పద్ధతిలో 250 కిలో ఓముల పాట్లు రెండు, కెపాసిటర్ ఒకటి టంకం పెట్టాను. రంగు జోలికి పోలేదు.

ధ్వని చాలావరకు వచ్చింది. మిగిలిన తేడా ఎక్కడుందో కూడా తెలిసింది. జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలు ఏ దుకాణంలోనూ దొరకదు. 1983లో ఆయన పోకముందే ఆ బేస్‌ను ఎవరో దొంగిలించారు. వస్తువు పోయింది, ధ్వని మాత్రం పాటల్లో ఉంది.

ఇక మన బడి. సంఘం ముందు రెండు ప్రతిపాదనలున్నాయి: పాత ముఖద్వారాన్ని అదే రూపంలో మళ్లీ కట్టడం, సైన్సు గదిలో పనిముట్లతో ఒక బల్ల ఏర్పాటు చేయడం. ముఖద్వారం మీద నాకూ మమకారమే. కానీ నిధి రెంటికీ చాలదు. ఈ బడి ధ్వని ఆ కమాను నుంచి వచ్చిందా? మోటారును మా చేత విప్పించి, తిరిగి బిగించేదాకా గంట కొట్టినా వదలని మాస్టార్ల నుంచి వచ్చిందా? మీరే ఆలోచించండి.

నా ఓటు బల్లకు. బేస్‌లోంచి తీసిన ప్రీఆంప్ బోర్డు, ఒక సోల్డరింగ్ ఐరన్ నా వంతుగా ఇస్తాను. నెలకో శనివారం నేనూ వచ్చి పిల్లల పక్కన కూర్చుంటాను. మీలో ఇంకెవరు వస్తారో ఈ సాయంత్రమే పేర్లివ్వండి.

సెలవు.